నలభై రోజుల నీళ్లు

మా ఊరు బెనహారాలో నీరుగంటి బాసిలియోకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం ఇక పోదు. అది వాళ్ల వంశంలోనే ఉంది. వాళ్ల నాన్న ఒకసారి మంగలి మీద అలిగి, చచ్చేదాకా గడ్డం తనే గీసుకున్నాడు. బుగ్గల మీద ఆ గాట్లతోనే ఆయన్ను పాతిపెట్టాం. బాసిలియో కోపం అలాంటి నవ్వులాట కోపం కాదు. దానివల్ల ఒక పల్లెకు పల్లే పోయింది.

నీరుగంటి పనంటే వేసవిలో వంతులు పెట్టడమే అనుకుంటారు అందరూ. ఎవరి చిక్కుడు మడికి ఎన్ని గంటలు, ఎవరి బంగాళాదుంపలకు ఏ రోజు, ఈ గొడవంతా. నోరున్నవాడెవడైనా చేస్తాడది. అసలు పని వసంతంలో ఉంటుంది. శిఖరాల మీద మంచు కరిగి, వందల ఏళ్ల కిందట మూరులు ఏలిన కాలంలో తవ్విన మా కాలువ గట్లు ఒరుసుకుంటూ వస్తుంది. అప్పటికింకా మళ్లకు నీళ్లక్కర్లేదు. అప్పుడు నీరుగంటి పార భుజాన వేసుకుని పైకెక్కి, గట్టున అక్కడక్కడా ఉన్న రాతిపలకలు ఎత్తి, నీళ్లను కొండ నెర్రెల్లోకి వదిలేస్తాడు. పట్నంవాళ్లు చూస్తే, ఇంత మంచి నీళ్లు పారబోస్తున్నాడే, వీడికేమైనా పిచ్చా అంటారు. పిచ్చేం కాదు. కొండ ఆ నీళ్లు తాగుతుంది. లోపల్లోపలే దింపుకుని, నలభై రోజులకు ఎక్కడో కింద ఒక ఊట దగ్గర వదులుతుంది. మండే ఎండల్లో మేము తాగేది ఏప్రిల్లో పారబోసిన నీళ్లే.

ఏ నెర్రెలో పోస్తే ఏ ఊటలో తేలుతుందో నీరుగంటికి తప్ప ఇంకొకరికి తెలియదు. తండ్రి కొడుక్కి చెప్పే మాట అది. బాసిలియోకు వాళ్ల నాన్న మంచాన పడ్డాక చెప్పాడు. వాటిలో అన్నిటికన్నా పైనున్నది మింగుడు గుంత. ఊరి నుంచి మూడు గంటల ఎక్కుడు. దాంట్లో పోసిన నీళ్లు కొండ అవతలి వాలున ఉంబ్రీయా అనే పల్లెలో తేలేవి. ఉంబ్రీయాకు వేరే నీళ్లు లేవు. తొమ్మిది గడపలు, ఒక రాతి తొట్టి, తొట్టి మీదికి ఇనుప గొట్టం, చుట్టూ చెస్ట్‌నట్ తోపు, అంతే ఆ పల్లె.

బాసిలియో అన్న మెల్చోర్ ఆ పల్లెకు ఇల్లరికం వెళ్లాడు. విర్తూదెస్ అనే అమ్మాయిని చేసుకుని, ఆమె పుట్టింట్లోనే ఉండిపోయాడు. వెళ్లకపోతే తండ్రి తర్వాత కాలువ పెద్దవాడిగా అతనికే రావాలి. ఊళ్లో కాపురం లేనివాడికి కాలువ ఇవ్వకూడదని రైతు సంఘం నియమం. అందుకని తమ్ముడికి వచ్చింది. ఆ మాట మెల్చోర్ మనసులో ముల్లులా ఉండిపోయిందని మాకు తర్వాత తెలిసింది.

తొంభై ఒకటిలో సాన్ మార్కోస్ పండగనాడు, పశువుల మెడల్లో రొట్టె కడియాలు వేసి, పాదిరీ చేత దీవెన నీళ్లు చల్లించి, మగాళ్లమంతా ఎలాదియో బారులో కూర్చున్నాం. మెల్చోర్ రెండు గ్లాసులు ఎక్కువ తాగాడు.

"మా వాడికి పార పట్టుకోవడం వచ్చు గానీ, నీళ్లు వినడం రాదురా. నాన్నే ఉంటే ఆ పార లాక్కుని నా చేతిలో పెట్టేవాడు" అన్నాడు అందరి ముందూ.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం, ఎందుకు నవ్వామో ఇప్పుడు చెప్పలేం. బాసిలియో మాత్రం నవ్వలేదు. గ్లాసు ఖాళీ చేసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పైకి వెళ్లాడు. ఒక్కొక్క పలకే ఎత్తుకుంటూ పోయి, చివరికి మింగుడు గుంత దగ్గర ఆగాడు. పలక మీద చెయ్యి వేశాడు. మళ్లీ తీసేశాడు. ఒక్క ఏడు చాలు, నీళ్లు వినడం ఎవరికి వచ్చో అప్పుడు తెలుస్తుందిలే అనుకుని దిగి వచ్చేశాడు.

జూన్లో ఉంబ్రీయా గొట్టంలో ధార సన్నబడింది. జులైలో బొట్లు. ఆగస్టులో అదీ లేదు. ఆ ఏడు వానలూ సరిగ్గా పడలేదు గనుక అందరం ఆకాశాన్నే తిట్టాం. పాదిరీ ఊరేగింపు పెట్టి, పునీతుడి విగ్రహాన్ని కొండ మలుపుదాకా మోయించాడు. పల్లకీ ఒక కొమ్ము బాసిలియోనే మోశాడు. తలవంచుకుని, చెమటలు కక్కుకుంటూ మోశాడు. ఎంత భక్తో అనుకున్నాం, గాడిదలం!

మరుసటి ఏడు వసంతంలో పలక ఎత్తేద్దామనే వెళ్లాడట. అతని కోపం అప్పటికి సగం చల్లారింది. ఎత్తబోతూ ఉండగా ఒక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు ఎత్తితే నలభై రోజులకు నీళ్లు పడతాయి. పడితే, మరి పోయినేడు ఎక్కడికి పోయాయని అడుగుతారు. ఉంబ్రీయా ముసలివాళ్లకు రోజులు వెనక్కి లెక్కపెట్టడం బాగానే వచ్చు. ఎత్తడమంటే నేనే మూశానని చెప్పుకోవడమే. చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు. ఆ ఏడూ మూసే ఉంచాడు. ఆపై ఏడూ అంతే. ఏడాదికేడాది ఆ పలక బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు.

కరువు పోయింది, వానలు పడ్డాయి, మా ఊటలన్నీ నిండాయి. ఉంబ్రీయాది ఒక్కటే నోరు తెరవలేదు. కొండ లోపల ఏదో కదిలి ఉంటుందని బాసిలియోనే అన్నాడు. మా వైపు భూమి అప్పుడప్పుడూ కాస్త కంపిస్తూనే ఉంటుంది, పైగా చెప్పింది నీరుగంటి. నమ్మకుండా ఎలా ఉంటాం?

చెస్ట్‌నట్ చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మావి చదును కప్పులు. ఏటా బూడిదరంగు మట్టి పరిచి తొక్కకపోతే రెండు చలికాలాలు కూడా ఆగవు. తొమ్మిదింట్లో ఏడు కప్పులు కూలాయి, ఎనిమిదోది సగం. మిగిలింది మెల్చోర్, విర్తూదెస్ ఉండే ఇల్లు ఒక్కటే. వాళ్లకోసం పంచాయతీ మంగళవారం మంగళవారం ట్యాంకర్ పంపేది. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో ఊపిరితిత్తులు పట్టేసి మెల్చోర్ పోతే, బాసిలియో చర్చిలో వెనక గోడకు ఆనుకుని నిలబడి, శవపేటిక లేవకముందే వెళ్లిపోయాడు.

ఈమధ్య అతనికి ఇంకో పని దొరికింది. శనివారాల్లో గ్రనాదా పట్నం నుంచి నడక కోసం వచ్చే జనాన్ని వెంటబెట్టుకుని తిప్పుతాడు. చర్చి వాకిట్లోంచి, కప్పున్న సందుల కిందుగా, బట్టలుతుకు తొట్ల పక్కనుంచి, నూర్పిడి కళ్లాలు దాటి, పాత వంతెన మీదుగా ఉంబ్రీయాదాకా. పాడుబడ్డ పల్లె కదా, వాళ్లకు అదే నచ్చుతుంది. ఫోటోలు తీసుకుంటారు. మాకైతే ఆ దారిన పోవడానికే మనసొప్పదు.

ఈ ఏడు ఏప్రిల్ మధ్యలో వచ్చినవాళ్లలో ఒక బడిపంతులమ్మ ఉంది. గడ్డి టోపీ, చేతిలో సీసా. తొట్టి ముందు నిలబడి గొట్టంలోకి తొంగి చూసింది.

"ఏంటండీ, ఇంత పెద్ద తొట్టి పెట్టుకుని చుక్క నీళ్లు లేవు?"

"కరువమ్మా. తొంభైల్లో పెద్ద కరువొచ్చింది."

"మరి పైన మీ ఊళ్లో అడుగడుక్కీ నీళ్లు పారుతున్నాయి కదండీ?"

"కొండ ఇష్టమమ్మా, మనం ఏం చేస్తాం" అన్నాడు బాసిలియో. అనేసి నడవబోయాడు.

గుమ్మంలో కూర్చుని పచ్చి చిక్కుళ్లు ఒలుస్తున్న విర్తూదెస్ ఇదంతా వింటూనే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏం బాసిలియో, మందను తోలుకొచ్చావా? చూపించు, బాగా చూపించు. జూన్ దాటితే చూపించడానికి ఇక్కడ మనిషి కూడా ఉండదు."

"అదేం మాట వదినా?"

"ట్యాంకర్ మానేస్తున్నారు. ఒక్క ముసలిదాని కోసం లారీ కొండెక్కాలా అని అడిగారట మీటింగులో. అడగరా మరి! సాన్ హువాన్ పండగ వెళ్లాక నన్ను లోయలో సన్యాసినులు నడిపే ముసలివాళ్ల ఆశ్రమానికి పట్టుకుపోతారు. గది చూశారట. కిటికీ ఉందట. కిటికీలోంచి పెట్రోల్ బంకు కనిపిస్తుందట."

"నువ్వు సరేనన్నావా?"

"అనక? ఏం తాగి బతకమంటావు నాయనా, మీ అన్న ఫోటో కడిగిన నీళ్లా?"

జనం మొహమాటంగా నవ్వారు. బాసిలియో ముఖం మాడిపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు వంతెన గురించి అడిగితే, వేళ్లు ముడుచుకుంటూ ముందుకు నడిచిపోయాడని ఆ పంతులమ్మే బారులో చెప్పింది.

దారంతా అతను రోజులు లెక్కపెట్టుకున్నాడు. సాన్ మార్కోస్ ఏప్రిల్ ఇరవై అయిదు. అక్కడికి నలభై కలిపితే జూన్ మొదటి వారం. సాన్ హువాన్ జూన్ ఇరవై నాలుగు. సరిపోతుంది. గొట్టంలోంచి నీళ్లు పడితే ట్యాంకర్ అక్కర్లేదు, ఆశ్రమం అక్కర్లేదు, వదిన తన ఇంట్లోనే ఉంటుంది. ఊరు ఏమైనా అనుకోనీ, ముఖాన ఉమ్మెయ్యనీ, పడతాడు.

ఏటా పైన పలకలు ఎత్తేది పండగ మర్నాడే, అప్పుడే ఎక్కాడు. అరవై ఆరేళ్లు, నడుంనొప్పి. మింగుడు గుంత దగ్గరికి వెళ్లి చూస్తే పలకే కనపడలేదు. పదమూడేళ్ల మట్టి, గడ్డి. ఏదో ముళ్లపొద వేళ్లు నెర్రెలోకే దిగిపోయాయి. మూడు రోజులు తవ్వాడు. నాలుగో రోజు నీళ్లు మళ్లించాడు. గుంతలో నిండి, కదలకుండా అలాగే నిలబడ్డాయి. గట్టున కూర్చుని చూశాడు. చాలాసేపటికి మధ్యలో చిన్న సుడి తిరిగి, లోపలెక్కడో గుటక వేసినట్టు చప్పుడైంది. నీటిమట్టం వేలెడు దిగింది. బాసిలియో ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

కాలువలో నీళ్లు తగ్గేసరికి సంఘం పెద్ద ఎలాదియో నిలదీశాడు. మాకున్న ఒక్క బారూ ఆయనదే, సంఘమూ ఆయనదే.

"సగం నీళ్లేమయ్యాయి బాసిలియో? నువ్వు తాగుతున్నావా?"

"పైన గట్టు తెగింది. వేస్తున్నా."

"నెల రోజులా? చర్చి అయినా ఈపాటికి కట్టేసేవాడివి!"

జూన్ వచ్చేసరికి అతనికి ఇంట్లో కాలు నిలవలేదు. రోజూ పొద్దున్నే వంతెన దాటి ఉంబ్రీయాకు వెళ్లేవాడు. వట్టి చేతులతో ఎలా వెళ్తాడు? ఒకరోజు సలాడ్ ఆకు, ఒకరోజు రొట్టె, ఒకరోజు నాలుగు గుడ్లు. విర్తూదెస్ ఊరుకుంటుందా!

"పదమూడేళ్లు ఈ గడప తొక్కనివాడివి, ఇప్పుడు రోజూ తయారవుతున్నావే. నా బదులు ఆశ్రమంలో నువ్వు చేరతావా ఏంటి?"

"ఊరికే ఇటు వచ్చాను వదినా."

"ఊరికే వచ్చినవాడు గొట్టానికి చెవి పెట్టి ఏం వింటున్నాడు?"

నలభయ్యో రోజు వచ్చింది, పోయింది. నలభై అయిదు, యాభై. గొట్టంలో సాలెగూడు అలాగే ఉంది. నెర్రె పూడి ఉంది కదా, నీళ్లు మెల్లగా దిగుతున్నాయేమో అని తనకు తానే చెప్పుకున్నాడు.

సాన్ హువాన్ ముందురోజు పొద్దున వెళ్లేసరికి తొట్టి అడుగున రాయి తడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాడు. తడే! ఆ వయసులో పరుగెత్తుకుంటూ వెళ్లి ఆమె తలుపు బాదాడు.

"వదినా! వచ్చాయి! నీళ్లొచ్చాయి!"

ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. లేవలేదు.

"నిన్న ట్యాంకర్ వచ్చింది కదా. లారీ గొట్టం కారుతోందని డ్రైవర్ దాన్ని తీసుకెళ్లి తొట్టిలో వేలాడేశాడు. ఆ తడి."

బాసిలియో గుమ్మంలోనే కూలబడ్డాడు. తర్వాత నేల చూస్తూ చెప్పేశాడు.

"వదినా, ఈ నీళ్లు కరువుకు పోలేదు. పైన మింగుడు గుంత నేను మూశాను. బారులో అన్నయ్య అన్న మాటకు."

కత్తి ఆగలేదు. తొక్క పొడుగ్గా దిగుతూనే ఉంది.

"తెలుసు" అంది విర్తూదెస్.

అతను తలెత్తాడు.

"మీ అన్నకూ తెలుసు. మొదటి ఏడు ఆగస్టులోనే గాడిదను తోలుకుని పైకి వెళ్లి చూసొచ్చాడు. కాలువ వెంట వెతుక్కుంటూ పోయాడట. పలక చుట్టూ గడ్డి మొలిచి ఉందట. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు."

"మరి ఎందుకు ఎత్తలేదు? రెండు చేతుల పని కదా అది!"

"నేనూ అదే అడిగాను. గొంతు చించుకుని అడిగాను. ఏమన్నాడో తెలుసా? నేనెత్తితే నీళ్లు పడతాయే, పడితే మూసిందెవరని అడుగుతారు, వాణ్ణి ఊళ్లో బతకనివ్వరు అన్నాడు. వాడి సంగతి నాకు తెలుసు, కోపం పోగానే వాడే వచ్చి ఎత్తుతాడు అన్నాడు. ప్రతి వసంతంలో అదే పాట. ఈ ఏడు ఎత్తుతాడు చూడు, ఈ ఏడు తప్పకుండా ఎత్తుతాడు. నేను వెళ్లి ఎత్తేస్తానంటే, చచ్చిన మా అమ్మ మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పక్కింటివాళ్లు సామాను కట్టుకుంటుంటే నోరు మూసుకుని తాళ్లు బిగించి ఇచ్చాడు మహానుభావుడు!"

విర్తూదెస్ అప్పుడు కత్తి కింద పెట్టింది.

"అందరూ నన్ను చూసి అయ్యో పాపం అంటారు. ఇది నా ఊరు బాసిలియో. నీది కాదు, మీ అన్నది కాదు. నేను పుట్టిన ఊరు. మీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం, ఒకరంటే ఒకరికి ప్రాణం. మధ్యలో నా ఊరు ఏం చేసింది మిమ్మల్ని? ఆ ఎదురింట్లో నా మేనత్త ఉండేది. ఆ చెట్ల కింద మేం అక్కచెల్లెళ్లం కాయలు ఏరుకునేవాళ్లం. ఆయన పోయే ముందు కూడా నీ పేరే కలవరించాడు. నా ఊరి పేరు ఒక్కసారీ ఎత్తలేదు."

"ఎత్తాను వదినా. ఏప్రిల్లోనే ఎత్తాను. నెర్రె పూడిపోయింది, అందుకే ఆలస్యం. ఇంకొక్క నెల ఆగు. అందాకా గాడిద మీద నేను మోసుకొచ్చి పోస్తాను నీళ్లు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"పదకొండేళ్లు విన్నానయ్యా ఈ 'ఇంకాస్త ఆగు'. ఇక నావల్ల కాదు" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. "లోపలికి రా. దుంపలు వేయిస్తాను, తిని వెళ్లు."

అతను తిన్నాడు. ఎలా దిగిందో అతనికే తెలియాలి.

పండగ మర్నాడు ఆశ్రమం వాళ్ల బండి వచ్చింది. విర్తూదెస్ ఒక ట్రంకు పెట్టె, ఒక గడ్డి కుర్చీ పట్టుకెళ్లింది. మేము నలుగురం వెళ్లి సామాను ఎక్కించాం. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బాసిలియో వంతెన అవతలే నిలబడిపోయాడు, దగ్గరికి రాలేదు.

అతను జులై అంతా మింగుడు గుంతలో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. ఉంబ్రీయాలో ఒక్క చుక్క పడలేదు. దారి మూసుకుపోతే కొండ ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ నీళ్లు ఇప్పుడు ఏ లోయలో తేలుతున్నాయో, అసలు తేలుతున్నాయో లేదో, చెప్పేవాడు లేడు.

సెప్టెంబర్లో ఒక ఆదివారం, పూజ అయ్యాక, మూసేసిన బడిలో సంఘం మీటింగు జరిగింది. నలభైమంది కూర్చునే చోట పదకొండుమందిమి ఉన్నాం. బాసిలియో లేచి, టోపీ చేత్తో పట్టుకుని, మొత్తం చెప్పాడు. బారులో మాట, పలక, పల్లకీ, భూకంపం అబద్ధం, విర్తూదెస్ చెప్పినది, అన్నీ. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. చెప్పి నిలబడ్డాడు.

మా తాతల కాలంలో గంటసేపు నీళ్లు దొంగిలించినవాణ్ణి కూడా ఏడాదిపాటు వెలివేసేవారు. ఇతను తొమ్మిది గడపలు ఎండగట్టాడు. దానికి ఏ శిక్ష అని ఒక్కొక్కరం ఎలాదియో వైపు చూశాం.

ఎలాదియో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మమ్మల్నందర్నీ వరసగా చూశాడు. అందరిలోకీ చిన్నవాడికి యాభై ఎనిమిది, వాడికీ మోకాలి ఆపరేషన్ అయింది.

"కాలువ ఎవరైనా తీసుకుంటారా?" అని అడిగాడు.

మేము తలలు దించుకున్నాం.

"నన్ను తీసెయ్యి ఎలాదియో" అన్నాడు బాసిలియో. "ఏదో ఒకటి చెయ్యండి నన్ను. ఊరికే వదిలెయ్యకండి."

"తీసేసి ఎవర్ని పెట్టను? ఎవరున్నారు చెప్పు." ఎలాదియో కాగితాలు సర్దుకుని లేచాడు. "రేపు చర్చి వెనక మళ్లకు వంతుంది. ఎనిమిదింటికి తూము ఎత్తు."

మర్నాడు ఎనిమిదింటికి చర్చి వెనక మళ్లల్లోకి నీళ్లు వచ్చాయి.